డెస్క్ మైక్ వైరింగ్ కలవకపోతే: హామ్ రేడియోలో పిన్నులు సరిచూసుకునే పద్ధతి

ప్లగ్ సాకెట్లో చక్కగా కూర్చుంటుంది. రింగు తిప్పితే గట్టిగా బిగుస్తుంది. అయినా బటన్ నొక్కితే రేడియో ట్రాన్స్‌మిట్‌లోకి పోదు. ఒక్కోసారి పోతుంది గానీ అవతలివాళ్లకు మాట వినపడదు. ఇంకోసారి ఎవరూ డయల్ ముట్టుకోకుండానే ఫ్రీక్వెన్సీ పైకి పరుగెత్తుతుంది. సెకండ్‌హ్యాండ్‌లో డెస్క్ మైక్ కొన్న హామ్‌లు (సరదాగా సొంత రేడియో స్టేషన్ నడిపే ఔత్సాహికులు) ఈ మూడింటిలో ఒకటైనా చూసే ఉంటారు. చాలాసార్లు మైక్ బాగానే ఉంటుంది, రేడియో కూడా బాగానే ఉంటుంది. కెన్‌వుడ్, ఐకామ్, యాసు కంపెనీలు ఒకే ఆకారంలో ఉండే ఎనిమిది పిన్నుల గుండ్రటి సాకెట్ పెట్టాయి, కానీ ఏ పిన్నుకు ఏ పని అన్నది ఎవరికి వాళ్లు నిర్ణయించుకున్నారు. గొడవంతా అక్కడే.

దీనికి తోడు మన దగ్గర చాలా మైకులు చేతులు మారి వస్తాయి. మధ్యలో ఎవరో తన రేడియోకు సరిపోయేలా ప్లగ్ విప్పి వైర్లు మార్చి ఉంటారు, ఆ సంగతి ఎక్కడా రాసి ఉండదు. నాకు అలాగే ఒక మైక్ వచ్చింది. లోపల తెల్ల వైరు చూసి అదే ఆడియో అనుకుని టంకం పెట్టేశాను. అది పీటీటీ వైరు, అంటే మాట్లాడేటప్పుడు నొక్కే బటన్ వైరు అని తెలియడానికి ఒక సాయంత్రమంతా పట్టింది. అప్పటి నుంచి వైరు రంగునూ, ప్లగ్ ఆకారాన్నీ, అమ్మినవాళ్ల మాటనూ నమ్మి పని మొదలుపెట్టడం మానేశాను. మల్టీమీటరుతో కొలుస్తాను, కాగితం మీద రాస్తాను, ఆ తర్వాతే ప్లగ్ పెడతాను. మీరూ అదే వరసలో చేయండి. ఎక్కువంటే గంట పని.

ముందు తెలియాల్సిన మూడు అమరికలు

ఎనిమిది పిన్నుల ప్లగ్‌లో 1 నుంచి 7 వరకు చుట్టూ ఉంటాయి, 8వది మధ్యలో ఉంటుంది. మూడు కంపెనీల మామూలు అమరిక ఇది. అప్, డౌన్ అంటే ఫ్రీక్వెన్సీని పైకి, కిందికి జరిపే బటన్లు; ఫాస్ట్ అంటే ఆ జరగడాన్ని వేగంగా చేసే బటన్.

కెన్‌వుడ్: 1 మైక్, 2 పీటీటీ, 3 డౌన్, 4 అప్, 5 ప్లస్ 8 వోల్టులు, 6 మోడల్‌ను బట్టి ఖాళీ లేదా వేరే పని, 7 మైక్ గ్రౌండ్, 8 పీటీటీ గ్రౌండ్.

ఐకామ్: 1 మైక్, 2 ప్లస్ 8 వోల్టులు, 3 అప్, డౌన్ రెండూ, 4 మోడల్‌ను బట్టి స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు గరగర ఆపే ఏర్పాటు) సంకేతం, 5 పీటీటీ, 6 పీటీటీ గ్రౌండ్, 7 మైక్ గ్రౌండ్, 8 రేడియో నుంచి బయటికి వచ్చే ఆడియో.

యాసు: 1 అప్, 2 ప్లస్ 5 వోల్టులు, 3 డౌన్, 4 ఫాస్ట్, 5 గ్రౌండ్, 6 పీటీటీ, 7 మైక్ గ్రౌండ్, 8 మైక్.

మూడింటిలోనూ మారనిది 7వ పిన్ను ఒక్కటే. అది ఎప్పుడూ మైక్ గ్రౌండ్. మీటరు పట్టుకున్నప్పుడు మొదట కాలు మోపే చోటు అదే అనుకోండి.

ఇవి గుండ్రటి ప్లగ్ ఉన్న రేడియోలకే వర్తిస్తాయి. నాలుగు పిన్నుల పాత సెట్లు, నెట్‌వర్క్ కేబుల్ లాంటి చదరపు ప్లగ్ ఉన్న కొత్త సెట్లు వేరే లెక్క. పాత కెన్‌వుడ్ టీఎస్-520లో నాలుగు పిన్నులు వరసగా మైక్, పీటీటీ, పీటీటీ గ్రౌండ్, మైక్ గ్రౌండ్. అదే నాలుగు పిన్నుల ప్లగ్ ఉన్న సీబీ (సిటిజన్స్ బ్యాండ్) సెట్ల మైకుల్లో సాధారణంగా 1 గ్రౌండ్, 2 ఆడియో, 3 ట్రాన్స్‌మిట్, 4 రిసీవ్. అంటే ఒకదానిలో మైక్ ఉన్న చోట ఇంకోదానిలో గ్రౌండ్ ఉంటుంది. కాబట్టి మీ రేడియో మాన్యువల్‌లో మైక్ కనెక్టర్ పేజీ ఎదురుగా పెట్టుకోకుండా మొదలుపెట్టకండి.

ఆ పేజీ చూసేటప్పుడు బొమ్మ ఎటువైపు నుంచి గీశారో గమనించండి. ఎక్కువగా రేడియో ముందు పలకను ఎదురుగా చూస్తున్నట్టు గీస్తారు. ప్లగ్‌ను మీ వైపు తిప్పి ముఖం చూస్తే అదే బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. కానీ ప్లగ్ వెనక, అంటే టంకం పెట్టే వైపు నుంచి చూస్తే రేడియో ముందు పలక బొమ్మకు సరిగ్గా సరిపోతుంది. ఈ ఒక్క విషయం తెలియక అద్దం వరసలో టంకం పెట్టిన ప్లగ్‌లు నేను చాలా చూశాను. ప్లగ్ లోపల నల్ల బేకలైట్ మీద ప్రతి పిన్ను పక్కన చిన్న అంకె అచ్చువేసి ఉంటుంది. ఫోన్ కెమెరాలో జూమ్ చేసి ఆ అంకెనే చదవండి, లెక్కపెట్టుకుంటూ పోవద్దు.

లక్షణం చూసి ఊహించడం

కొలవడానికి ముందే రేడియో ప్రవర్తన సగం సంగతి చెబుతుంది. రెండు అమరికలను పక్కపక్కన రాసి చూస్తే ఎందుకలా అవుతోందో తెలిసిపోతుంది.

ఐకామ్ వైరింగ్ ఉన్న మైక్‌ను యాసు రేడియోకు పెట్టారనుకోండి. ఐకామ్ మైక్‌లో బటన్ నొక్కితే 5, 6 కలుస్తాయి. యాసులో 5 గ్రౌండ్, 6 పీటీటీ. కాబట్టి ట్రాన్స్‌మిట్ చక్కగా పనిచేస్తుంది. మనిషి మోసపోయేది ఇక్కడే, వైరింగ్ సరిగ్గానే ఉంది, మైక్ క్యాప్సూల్ (లోపల మాటను పట్టే మూలకం) పోయింది అనుకుంటాడు. నిజానికి మైక్ ఆడియో 1వ పిన్ను మీద వస్తోంది, యాసులో అది అప్ బటన్. మాట పోదు, ఫ్రీక్వెన్సీ మాత్రం జరిగే అవకాశం ఉంది.

కెన్‌వుడ్ మైక్ యాసుకు పెడితే ఇంకా విచిత్రం. కెన్‌వుడ్ మైక్ క్యాప్సూల్ 1, 7 మధ్య ఉంటుంది. యాసులో ఆ రెండూ అప్, గ్రౌండ్. కొన్ని వందల ఓమ్‌ల డైనమిక్ (అయస్కాంతం, కాయిల్ ఉండే రకం) క్యాప్సూల్ వాటి మధ్య పడితే రేడియోకు ఎవరో అప్ బటన్ నొక్కి పట్టుకున్నట్టే కనిపిస్తుంది. ఫ్రీక్వెన్సీ పరుగు దానివల్లే. పైగా కెన్‌వుడ్ పీటీటీ 2ను 8తో కలుపుతుంది. యాసులో 2 అంటే 5 వోల్టులు, 8 అంటే మైక్ ఇన్‌పుట్. బటన్ నొక్కినప్పుడల్లా 5 వోల్టులు నేరుగా మైక్ ఇన్‌పుట్‌లోకి పోతాయి. ఇలాంటి పరిస్థితిలో మళ్లీ మళ్లీ నొక్కి చూడటం మంచిది కాదు.

కెన్‌వుడ్ మైక్ ఐకామ్‌కు పెట్టినా అంతే. బటన్ నొక్కితే ఐకామ్ 8 వోల్టుల లైను వెళ్లి ఆడియో అవుట్‌పుట్ పిన్నుకు తగులుతుంది. మైక్ లోపలి ప్రీయాంప్ (ఆడియోను పెంచే చిన్న యాంప్లిఫయర్) సరఫరా వైరు ఐకామ్ పీటీటీ మీద కూర్చుంటుంది, దాంతో సెట్ దానంతటదే ట్రాన్స్‌మిట్‌లోకి జారవచ్చు. యాంటెన్నా తగిలించి ఉండగా అలా జరిగితే బ్యాండ్ మీద ఉన్నవాళ్లకు ఇబ్బంది. అందుకే పరీక్షలన్నీ డమ్మీ లోడ్ మీదే, అంటే యాంటెన్నా బదులు తగిలించి పవర్‌ను వేడిగా మార్చేసే రెసిస్టర్ మీదే చేయండి.

మొదటి మెట్టు: మైక్‌ను ఒంటరిగా కొలవడం

మైక్‌ను రేడియోకు దూరంగా పెట్టండి. లోపల బ్యాటరీలు ఉంటే తీసేయండి, కారి పచ్చగా పట్టి ఉంటే ముందు శుభ్రం చేయండి. అడుగు పలక మీద కంపెనీ ఎంపిక స్విచ్, ఇంపెడెన్స్ (ఆడియో సంకేతానికి ఎదురయ్యే నిరోధం) స్విచ్ ఉన్నాయేమో చూసి, ఇప్పుడు ఎటు ఉన్నాయో రాసుకోండి.

కాగితం మీద 1 నుంచి 8 వరకు అంకెలు నిలువుగా రాయండి. మీటరును బీప్ మోడ్‌లో పెట్టండి. ఇప్పుడు బటన్ నొక్కి పట్టుకుని ఏ జంట కలిస్తే బీప్ వస్తుందో వెతకండి. 7ను పక్కన పెడితే అవకాశాలు ఎక్కువేమీ ఉండవు: 2 - 8 అయితే కెన్‌వుడ్ అమరిక, 5 - 6 అయితే ఐకామ్ లేదా యాసు. వదిలితే బీప్ ఆగాలి. లాక్ బటన్ ఉంటే దాన్ని కూడా వేరుగా చూడండి, పాత మైకుల్లో లాక్ మీటలు ఇరుక్కుపోవడం మామూలే.

తర్వాత మీటరును ఓమ్‌లకు మార్చి 7కూ, 1కీ మధ్య, ఆ తర్వాత 7కూ, 8కీ మధ్య చూడండి. ఇక్కడ బటన్ నొక్కి కూడా చూడాలి, ఎందుకంటే కొన్ని డెస్క్ మైకులు రిసీవ్‌లో ఉన్నప్పుడు ఆడియోను తెంపేసి లేదా షార్ట్ చేసి ఉంచుతాయి. సుమారు 200 నుంచి 600 ఓమ్‌లు కనిపించి, ప్రోబ్ తగిలినప్పుడు క్యాప్సూల్‌లోంచి చిన్న టిక్కుమన్న శబ్దం వస్తే అది డైనమిక్. కొన్ని కిలో ఓమ్‌లు కనిపించి, ప్రోబులు అటుఇటు మార్చినప్పుడు అంకె మారితే ఎలక్ట్రెట్ (పనిచేయడానికి బయటి నుంచి వోల్టేజీ కావాల్సిన రకం) అయి ఉండవచ్చు. ఏమీ కనిపించకపోతే తెగిన వైరు, లేదా క్రిస్టల్ క్యాప్సూల్, లేదా మధ్యలో ప్రీయాంప్ ఉంది. ప్రీయాంప్ ఉన్న మైక్‌లో ప్లగ్ దగ్గర కొలిచిన ఓమ్‌లకు అర్థం ఉండదు, మూత విప్పి క్యాప్సూల్ దగ్గరే కొలవాలి.

క్రిస్టల్ అంటే గుర్తొచ్చింది. లాలీపాప్ ఆకారంలో మెరిసే ఆస్టాటిక్ డీ-104 అమెరికాలో 1933 నుంచి తయారైంది, పాత మూలకం రోషెల్ సాల్ట్ స్ఫటికం. అది తేమకు కరుగుతుంది, సుమారు 55 డిగ్రీల వేడికే పాడవుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరపు గాలిలో ఏళ్ల తరబడి ఉన్న క్రిస్టల్ మూలకం బతికి ఉంటే అదృష్టమే. బతికి ఉన్నా దాని ఇంపెడెన్స్ చాలా ఎక్కువ, నేటి రేడియోల 600 ఓమ్‌ల ఇన్‌పుట్‌కు నేరుగా కలిపితే పలచటి, రేకు డబ్బాలోంచి వచ్చినట్టుండే మాట మాత్రమే వస్తుంది. మధ్యలో ప్రీయాంప్ తప్పనిసరి. అది వైరింగ్ తప్పు కాదు, పిన్నులు ఎన్నిసార్లు మార్చినా బాగుపడదు.

రెండో మెట్టు: రేడియోను ఒంటరిగా కొలవడం

డమ్మీ లోడ్ తగిలించి పవర్ కనిష్ఠానికి తగ్గించండి. వాక్స్ (గొంతు వినగానే దానంతటదే ట్రాన్స్‌మిట్‌లోకి మార్చే ఏర్పాటు) ఆఫ్ చేయండి. రేడియో ఆపి ఉండగా మొదట సాకెట్లో ఏ పిన్నులు చాసిస్‌కు (రేడియో లోహపు చట్రానికి) బీప్ ఇస్తున్నాయో చూడండి: ఇవే గ్రౌండ్‌లు. తర్వాత ఆన్ చేసి డీసీ వోల్టులకు మార్చి, నల్ల ప్రోబ్ చాసిస్ మీద ఉంచి ఎర్ర ప్రోబ్‌ను ఒక్కో పిన్నుకు తాకించండి. ప్రోబ్ జారి రెండు పిన్నులు కలిస్తే సరఫరా లైను షార్ట్ అవుతుంది. ఆ 8 వోల్టుల లైను చాలా సెట్లలో 10 మిల్లీ ఆంపియర్లకు మించి ఇవ్వలేదు, అంత సున్నితం. ప్రోబ్ కొన మీద సన్నటి ష్రింక్ ట్యూబ్ (వేడి చేస్తే ముడుచుకునే గొట్టం) ఎక్కించి ఒక మిల్లీమీటరే బయటికి వదిలితే టెన్షన్ ఉండదు.

ఐకామ్‌లో 1వ పిన్ను మీద కూడా వోల్టేజీ కనిపిస్తుంది. ఆశ్చర్యపోవద్దు, ఎలక్ట్రెట్ మైకుకు కావాల్సిన సరఫరాను ఐకామ్ అదే వైరు మీద పంపిస్తుంది. పీటీటీ పిన్ను మీద కూడా కొన్ని వోల్టులు ఉంటాయి, దాన్ని గ్రౌండ్ చేసినప్పుడే సెట్ ట్రాన్స్‌మిట్‌కు మారుతుంది.

ఈ అంకెలన్నీ మైక్ కాగితం పక్కనే రెండో వరసలో రాయండి. ఇప్పుడు మీ చేతిలో ఉన్నది మాన్యువల్ చెప్పినదీ కాదు, అమ్మినవాళ్లు చెప్పినదీ కాదు. మీ బల్ల మీద నిజంగా ఉన్నది.

మూడో మెట్టు: అడాప్టర్ కట్టడం

మైక్ ప్లగ్ కోసి మార్చడం కంటే అర అడుగు అడాప్టర్ వైరు చేసుకోవడం మేలని నా గట్టి అభిప్రాయం. రేపు రేడియో మారితే అడాప్టర్ మాత్రమే మారుతుంది, మైక్ కంపెనీ నుంచి వచ్చినట్టే ఉంటుంది. ఎనిమిది పిన్నుల ప్లగ్, సాకెట్, షీల్డ్ వైరు హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ లాంటి ఎలక్ట్రానిక్స్ బజార్లలో అడిగి చూడండి. కొనేటప్పుడు మీ రేడియో ప్లగ్ వెంట తీసుకెళ్లి, దుకాణంలోనే గాడి, రింగు మర కలుస్తున్నాయో లేదో చూసుకోవాలి.

కెన్‌వుడ్ మైక్ నుంచి ఐకామ్ రేడియోకు: మైక్ 2 నుంచి రేడియో 5కు, 8 నుంచి 6కు, 7 నుంచి 7కు, 5 నుంచి 2కు. మైక్ 4, అంటే అప్, నేరుగా రేడియో 3కు. మైక్ 3, అంటే డౌన్, ఒక 470 ఓమ్ రెసిస్టర్ గుండా అదే రేడియో 3కు. ఐకామ్ ఒకే వైరు మీద రెండు బటన్లను అలా గుర్తుపడుతుంది, నేరుగా గ్రౌండ్ అయితే పైకి, 470 ఓమ్‌ల గుండా అయితే కిందికి. మిగిలింది 1 నుంచి 1. ఇది నేరుగా కలపకండి.

డైనమిక్ క్యాప్సూల్‌కు ఐకామ్ పంపే డీసీ తగిలితే కాయిల్ ఒక పక్కకు లాగి పట్టినట్టవుతుంది, మాట ముద్దగా, చిన్నగా వస్తుంది. వరసలో ఒక 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి, ప్లస్ కాలు రేడియో వైపు. విలువ ఎంతైనా పర్వాలేదు అనుకోకండి. ఇన్‌పుట్ 600 ఓమ్‌లనుకుంటే 1 మైక్రోఫారడ్‌తో 265 హెర్ట్జ్ దగ్గరే మాట తగ్గడం మొదలవుతుంది. చేతికి దొరికింది కదా అని 0.1 పెడితే 2,650 హెర్ట్జ్‌కు కిందిదంతా పలచబడిపోతుంది, అంటే మనిషి గొంతులో చాలా భాగం. 10 పెడితే ఆ హద్దు 26 హెర్ట్జ్‌కు దిగుతుంది.

కెన్‌వుడ్ మైక్ నుంచి యాసు రేడియోకు: 1 నుంచి 8కు, 2 నుంచి 6కు, 3 నుంచి 3కు, 4 నుంచి 1కి, 5 నుంచి 2కు, 7 నుంచి 7కు, 8 నుంచి 5కు. ఇక్కడ ప్రీయాంప్‌కు 8 బదులు 5 వోల్టులే అందుతాయి, అందుకని లెవెల్ తగ్గవచ్చు.

ఐకామ్ ఎలక్ట్రెట్ మైక్‌ను కెన్‌వుడ్‌కు, యాసుకు కలిపేటప్పుడు సమస్య తిరగబడుతుంది. వాటి మైక్ పిన్ను మీద ఐకామ్ ఇచ్చే సరఫరా ఉండదు కాబట్టి మనమే ఇవ్వాలి. రేడియో ప్లస్ వోల్టేజీ పిన్ను నుంచి 2.2 లేదా 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్ గుండా మైక్ ఆడియో వైరుకు సరఫరా ఇవ్వండి. అక్కడి నుంచి 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ గుండా రేడియో మైక్ పిన్నుకు వెళ్లండి. ఈసారి కెపాసిటర్ ప్లస్ కాలు మైక్ వైపు.

టంకం విషయంలో ఒక్క మాట. ఈ పిన్ను గిన్నెలు చిన్నవి, చుట్టూ ఉన్న ప్లాస్టిక్ త్వరగా మెత్తబడుతుంది. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ చాలు. గిన్నెలో ముందే కొంచెం టంకం నింపి, వైరు కొనకు కూడా పూసి, రెండు సెకన్లలో పని ముగించండి. మెత్తబడకుండా ఉండాలంటే ప్లగ్‌ను ఖాళీ సాకెట్‌లో దూర్చి పట్టుకుని టంకం పెట్టండి. ష్రింక్ ట్యూబ్ ముందే వైరుకు ఎక్కించడం మర్చిపోవద్దు.

మైక్ గ్రౌండ్‌నూ పీటీటీ గ్రౌండ్‌నూ ప్లగ్ దగ్గర కలిపేయకండి. రెండూ చివరికి ఒకే చాసిస్‌కు పోతాయి కదా అనిపిస్తుంది. కానీ ఆడియో షీల్డ్‌లో పీటీటీ, ప్రీయాంప్ కరెంటు కూడా పారితే, బటన్ నొక్కగానే టప్ అనే శబ్దమో, సన్నటి హమ్మో ఆడియోలో కలుస్తుంది. ఆడియో వైరుకు దాని షీల్డ్ విడిగా, పీటీటీకి దాని గ్రౌండ్ విడిగా పోనివ్వండి.

నాలుగో మెట్టు: ప్లగ్ పెట్టి చూడటం

పెట్టేముందు ఇంకోసారి బీప్ మోడ్‌లో పక్కపక్క పిన్నులు కలవలేదని చూడండి. రేడియో ఆపి ప్లగ్ బిగించి, ఆన్ చేయండి. బటన్ ముట్టుకోకుండా అర నిమిషం ఆగండి. ట్రాన్స్‌మిట్ దీపం వెలగకూడదు, ఫ్రీక్వెన్సీ కదలకూడదు.

మొదటి పరీక్ష ఎఫ్‌ఎమ్‌లో చేయండి. ఎస్‌ఎస్‌బీలో (సింగిల్ సైడ్‌బ్యాండ్ పద్ధతిలో) మాట లేకపోతే పీటీటీ పనిచేసినా పవర్ మీటరు ముల్లు కదలదు, దాంతో పీటీటీ తప్పా ఆడియో తప్పా తేలదు. ఎఫ్‌ఎమ్‌లో బటన్ నొక్కగానే క్యారియర్ (మాట లేకున్నా వెళ్లే మూల తరంగం) వస్తుంది కాబట్టి పీటీటీ సంగతి వెంటనే తేలిపోతుంది. ఆ తర్వాత ఎస్‌ఎస్‌బీకి మారి మామూలు గొంతుతో మాట్లాడుతూ ఏఎల్‌సీ (పవర్ హద్దు దాటకుండా చూసే ఆటోమేటిక్ లెవెల్ కంట్రోల్) మీటరు చూసి మైక్ గెయిన్ సరిచేయండి. ప్రీయాంప్ ఉన్న మైక్ అయితే రేడియోలోని మైక్ గెయిన్, మైక్ మీది గెయిన్ రెండూ సగానికి కిందనుంచి మొదలుపెట్టండి, స్పీచ్ ప్రాసెసర్ ఆఫ్ చేయండి. హెడ్‌ఫోన్ పెట్టుకుని మానిటర్ (మన మాట మనకే వినిపించే ఏర్పాటు) వినండి, లేదా రెండో రిసీవర్‌లో రికార్డు చేసుకోండి.

డమ్మీ లోడ్ మీద బాగుండి యాంటెన్నా మీద పాడైతే

ఇది వైరింగ్ తప్పు కాదు, ఆర్‌ఎఫ్, అంటే మనం పంపే రేడియో తరంగమే మైక్ వైరులోకి దూరుతోంది. మాట గరగరలాడుతుంది, లేదా బటన్ వదిలినా ట్రాన్స్‌మిట్ ఆగదు. పవర్ తగ్గిస్తే తగ్గితే ఇక అనుమానం అక్కర్లేదు. మైక్ వైరును రేడియో దగ్గరే ఒక ఫెరైట్ కోర్ చుట్టూ వీలైనన్ని చుట్లు తిప్పండి, హెచ్‌ఎఫ్ (షార్ట్‌వేవ్) బ్యాండ్లకు 31 మిక్స్ అనే రకం ఫెరైట్ బాగా పనిచేస్తుంది. ప్లగ్ లోపల మైక్ పిన్నుకూ మైక్ గ్రౌండ్‌కూ మధ్య 1,000 పికోఫారడ్ సెరామిక్ కెపాసిటర్ పెట్టినా ఫలితం ఉంటుంది. 600 ఓమ్‌ల ఆడియోకు దానివల్ల నష్టమేమీ ఉండదు. క్రిస్టల్ క్యాప్సూల్ దగ్గర మాత్రం అది పెట్టకండి, లెవెల్ పడిపోతుంది. లోహపు అడుగు ముట్టుకున్నప్పుడు గరగర పెరిగితే ఆ అడుగు షీల్డ్‌కు కలిసి లేదని అర్థం, లోపల తెగిన షీల్డ్ వైరు వెతకండి.

వైరు కదిపినప్పుడే తప్పు వస్తుంటే స్ప్రింగ్ వైరు ప్లగ్‌లోకి దూరే చోట, అడుగు పలకలోకి దూరే చోట తీగ తెగి ఉంటుంది. బీప్ మోడ్‌లో పెట్టి ఆ రెండు చోట్లా వంచి చూడండి. తెగిన చోటు నుంచి రెండు అంగుళాలు కోసి మళ్లీ టంకం పెట్టడమే దానికి మందు.

అన్నీ కుదిరాక, కొలిచి రాసుకున్న ఆ కాగితాన్ని ఫోటో తీసి పెట్టుకోండి. ఒక నకలు మడిచి మైక్ అడుగు పలక లోపల పెట్టి మూత బిగించండి. అడాప్టర్ మీద ఏ మైక్ నుంచి ఏ రేడియోకో చీటీ అంటించండి. తర్వాత ఆ మైక్ ఎవరి చేతికి వెళ్లినా మూత విప్పగానే వాళ్లకు కావాల్సింది అక్కడే దొరుకుతుంది.